ఇంటనున్నవారి యాత్రాసాహిత్యము

మన భాషలో యాత్రాసాహిత్యమును గూర్చి చర్చ వచ్చినపుడెల్ల రెండు విధములైన గ్రంథములే పేర్కొనబడుచుండును. ఒకటి తీర్థయాత్ర, రెండవది విదేశయాత్ర. రెండును జీవితమున ఏ ఒకటి రెండు మారులో జరుగునట్టివి. కాని మనుష్యుడు చేయు ప్రయాణములలో అధికభాగము ఇట్టి విశేషములు కావు. వ్యాజ్యమునకై కచేరికి, ధాన్యము అమ్ముటకై సంతకు, పురుటికై పుట్టింటికి, శిస్తు రాబట్టుటకై పొరుగూరికి పోవుచుందుము. సంసారమును నడుపునవి ఇవియే. వీనికి సాహిత్యమున స్థానమెక్కడ?

ఈ ప్రశ్నకు ఇంగ్లండు దేశమందలి నార్ఫోక్ సీమకు చెందిన పాస్టన్ కుటుంబమువారి లేఖలు మంచి సమాధానము నిచ్చుచున్నవి. 1422 మొదలు 1509 వరకు సాగిన ఈ జాబులను జాన్ ఫెన్ అను పండితుడు 1787లో ప్రకటింప నారంభించెను. వంశమునకు మూలపురుషుడైన క్లెమెంట్ సామాన్యమైన సేద్యగాడు. అతడు జీను లేని గుఱ్ఱముపై ధాన్యపు మూట వేసికొని, దానిమీదనే కూర్చుండి మరకు పోయెడివాడని, ఆ కుటుంబమును కించపఱుపదలచినవారు వ్రాసిపెట్టిరి. ప్రయాణము చేయు తీరే మనుష్యుని అంతస్తునకు సాక్ష్యముగా నిలిచినదన్నమాట! అతని కుమారుడు విలియం న్యాయాధిపతి యయ్యెను. మనుమడు జాన్ భూముల వ్యాజ్యములకై లండనులో నెలల తరబడి యుండవలసి వచ్చెను. నారిచ్ నుండి లండనుకు నూఱు మైళ్లకు పైబడిన దారి. గుఱ్ఱముపై మూడు నాలుగు దినముల పయనము.

అతని భార్య మార్గరెట్ ఇంటనే యుండి భూములను, కౌలుదారులను, శత్రువులను సంబాళించుకొనెను. 1443లో భర్త లండనులో జబ్బుపడినాడని విని వాల్సింగ్హాము క్షేత్రమునకు యాత్రగా వత్తునని మ్రొక్కుకొన్నది. 1448లో వ్రాయించిన జాబున, ఇల్లు కాచుకొనుటకు విండ్లును, బాణములును పంపుమని కోరుచు, ఆ వెంటనే బాదముపప్పు, పంచదార, గుడ్డ కూడ అడిగినది. ఆమె వ్రాయసగాండ్రకు చెప్పి వ్రాయించినందున ఆ జాబులలో నోటి మాటయొక్క తడి ఆరలేదు.

ఇక్కడ గమనింపదగిన విశేషమొకటి కలదు. ఈ సాహిత్యమంతయు ప్రయాణమువలన పుట్టినదే. అయినను అందలి శ్రేష్ఠభాగము ప్రయాణము చేసినవారిది కాదు, ఇంట మిగిలినవారిది. మగడు ఊరిలోనే యున్నచో మార్గరెట్ జాబు వ్రాయింప నవసరమే లేకపోయెడిది. ఎడబాటే ఇచట గ్రంథకర్త.

మనకు ఈ కోవకు దగ్గఱగా వచ్చునది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసియైన ఆయన 1830 మే 18న బయలుదేరి, సుమారు నూఱుమంది పరివారముతో కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చెను. దారిపొడవున మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు జాబులు పంపెను. పిళ్ల 1838లో వానిని అచ్చొత్తించెను. పేరునకిది తీర్థయాత్రయే. కాని ఆ గ్రంథమునకు ప్రాణము మజిలీలలో ఉన్నది: ఏ యూరికి ఎంత దూరము, బాట ఎట్టిది, నీరు దొరకునా, దినుసులు దొరకునా, దిగుటకు చోటున్నదా అను ఎఱుకలో ఉన్నది. గిడుగువారి ఉద్యమమునకు ఎన్నియో ఏండ్ల ముందే వాడుక మాటకు అచ్చున చోటు దొరకినదన్న, అది మిత్రునికి వ్రాసిన జాబు కావుననే.

అయినను పాస్టన్ లేఖల ప్రక్క నిలిపినచో మన గ్రంథమున ఒక వెలితి కానవచ్చును. పోయినవాని గొంతు మనకు దక్కినది. ఆయన జాబులకు ఎదురుచూచినవారి గొంతు దక్కలేదు. పల్లకి మోసిన బోయీలు తమ నోట చెప్పినదియు దక్కలేదు. ఇది వీరాస్వామయ్యగారి లోపము కాదు. ఏది భద్రపఱుపదగినదో నిర్ణయించిన సమాజము యొక్క లోపము.

ఈ మాట అండమానునందున్న తెలుగువారికి మిక్కిలి వర్తించును. అండమాను అనగానే మన రచయితలకు 1858 నాటి ఖైదీల వలస, 1906లో పూర్తియైన సెల్యులర్ జైలు తలపునకు వచ్చును. అవి స్మరింపదగినవే. కాని శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చి ఇచట స్థిరపడిన కుటుంబములకు సముద్రము చరిత్ర కాదు, దారి. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్టు బ్లెయరునుండి పెండ్లికి, పురుటికి, కర్మకు ఓడ యెక్కువారికి అది రెండు మూడు దినముల నీటిబాట. టిక్కెట్టునకు నిలుచుట, గాలివాన తగ్గువఱకు ఆగుట, కబురు అందినను కడచూపునకు అందలేకపోవుట ఈ జీవితమున మామూలు సంగతులు. విమానము వచ్చి వ్యవధి తగ్గించినది కాని ఎడబాటును తీసివేయలేదు.

వీనిని తెలిపిన జాబులు ఇంకను కొన్ని పెట్టెలలో నుండవచ్చును. టెలిఫోను వచ్చిన పిదప జాబులు వ్రాయుట సన్నగిల్లినది. చెప్పుకొన్న మాట గాలిలో కలిసిపోవుచున్నది. పాస్టనులు తమ కాగితములను దాచుకొన్నది సాహిత్యము కొఱకు కాదు, భూమి హక్కుల రుజువు కొఱకు. మనకు అట్టి అవసరము కూడ లేదు గనుక, ఈ పని రచయితలు పూనుకొననిచో జరుగదు. ఓడ యెక్కినవాని అనుభవమును వ్రాయుటకు పలువురు కలరు. రేవున నిలిచి చేయి యూపి ఇంటికి మరలిన వారి మాటను గూడ సేకరించిననాడే మన యాత్రాసాహిత్యము సమగ్ర మగును.