కూత ఎలా ఉండేది తాతా?

పక్షుల కోసం కొత్త ఊరికి వెళ్తే నేను ముందు వెతికేది అరుగు మీద కూర్చున్న పెద్దల్ని. ఒకప్పుడు పుస్తకం తెరిచి, బొమ్మ చూపించి, "ఈ పిట్ట మీ దగ్గరుందా?" అని అడిగేవాణ్ని. అంత దూరం నుంచి వచ్చినవాడి మనసు నొప్పించలేక చాలామంది "ఆ, ఉంది బాబూ" అనేవారు. రోజంతా తిరిగినా కనబడేది కాదు. తప్పు వాళ్లది కాదు, నేనడిగిన తీరుది. ఇప్పుడు బొమ్మ సంచిలోనే ఉంటుంది. "అదెలా కూస్తుంది తాతా?" అని మొదలుపెడతాను.

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు మెక్సికో గుర్తొస్తుంది. అక్కడి పశ్చిమ సియెర్రా మాద్రే కొండల్లో ఇంపీరియల్ వడ్రంగిపిట్ట ఉండేది. దాదాపు రెండడుగుల పొడవు. ప్రపంచంలోని వడ్రంగిపిట్టలన్నిటిలోకీ పెద్దది. కొండ ఊళ్లవాళ్లు 'పీటోరియాల్' అనేవారు. 1956లో విలియం రైన్ అనే అమెరికన్ దంతవైద్యుడు డురాంగో అడవిలో కంచరగాడిద మీద కూర్చునే దాన్ని ఫిల్ము తీశాడు. మొత్తం 85 సెకన్లు. బొమ్మ ఊగిపోతుంటుంది. అయినా తెలుస్తుంది: ఆడపిట్ట. ముందుకు వంగిన నల్లటి తురాయి. పైన్ మానును పట్టుకుని పైపైకి ఎగబాకుతుంది. ఆ తర్వాత దాన్ని చూశామనడానికి గట్టి ఆధారం మళ్లీ దొరకలేదు. ఎండిన ముసలి మానుల బెరడు కింది పురుగులే దాని తిండి. ఆ మానులు కలపకు పోయాయి. పిట్టలు తుపాకులకు పోయాయి.

2010లో టిమ్ గాలఘర్, మార్త్యాన్ లామర్టింక్ అనే ఇద్దరు పక్షి అన్వేషకులు ఆ ఫిల్ము తీసిన చోటుకే వెళ్లారు. అడవితోపాటు ఊళ్లలోని ముసలివాళ్లనూ కలిశారు. 1940లు, 50ల నాటి జ్ఞాపకాలు దొరికాయి. పిట్ట దొరకలేదు.

మన కడపకు మాత్రం పిట్ట దొరికే అదృష్టం దక్కింది. 1900 తర్వాత శాస్త్రవేత్తల కంటపడని కలివికోడి అనే పిట్టను 1986లో రాత్రివేళ టార్చి వెలుగులో పట్టి తెచ్చినవాడు స్థానిక వేటగాడే. అడిగేవాళ్లు వేళకు వచ్చారు.

రైన్ ఫిల్ములో శబ్దం లేదు. పీటోరియాల్ గొంతు ఏ రికార్డులోనూ లేదు. పిల్లల బూర ఊదినట్టుండేదని రాతల్లో ఉంది, అంతే. దాని చర్మం మ్యూజియాల్లో ఉంది, కదలిక ఫిల్ములో ఉంది. కూత మాత్రం విన్నవాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఆనాడు పదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయో, దాటాయో.

అందుకే ఏ ఊరెళ్లినా నేను ముందు కూతే అడుగుతాను. పెద్దాయన గొంతు సవరించుకుని ఆ కూత కూసేదాకా కదలను.