రేకు తీసే చెయ్యి

బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కన గిన్నెలో నీళ్ళలా జారే బియ్యప్పిండి. కుండ ముందు కూర్చున్నామె పలచని గుడ్డను ఆ పిండిలో ముంచి, రెండు చేతులా సాగదీసి, కుండ వీపు మీద ఇటు నుంచి అటు లాగేస్తుంది. చుయ్యిమంటుంది. రెప్పపాటులో తెల్లటి పొర అంచులు లేస్తాయి. చిరగకుండా తీసి దొంతర మీద పెడుతుంది. మళ్ళీ గుడ్డ, మళ్ళీ చుయ్యి.

కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో దీన్ని రేకు తీయడం అంటారు. తరాలనాటి పని. పూతలా పూసి తీసే రేకు కాబట్టి పూతరేకు. ఎక్కువగా వాడేది జయ రకం బియ్యం. వేడికి పిండిలోని నీరు ఒక్కసారిగా ఆవిరై, గంజి ఉడికి పొరగా బిగుస్తుంది. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే కుండకే అతుక్కుంటుంది. వేడి చాలిందో లేదో చెప్పేది థర్మామీటరు కాదు, గుడ్డ తగలగానే వచ్చే ఆ చప్పుడు. పిండి చిక్కదనాన్ని పట్టేది గ్లాసు కొలత కాదు, గుడ్డ నుంచి జారే ధారను చూసే కన్ను.

చుట్టడం మరో విద్య. తడిగుడ్డ అద్ది రేకును మెత్తబరచి, నెయ్యి, పంచదార పొడో బెల్లం తురుమో వేసి మడవాలి. తడి ఎక్కువైతే ముద్ద, తక్కువైతే నుగ్గు. (జీడిపప్పు, బాదం కుక్కితే రేకు రుచి తెలియదన్నది ఈ వ్యాసకర్త మొండివాదం.)

ఈ విద్య కొలతలతో వచ్చేది కాదు. కానీ లెక్కలంటే భయపడే పిల్లలకు వంట పని చూపించేవాళ్ళు ముందు హోటల్ మేనేజ్‌మెంట్ పేరెత్తుతారు. దాని జాతీయ ప్రవేశ పరీక్షలో అంకెల విభాగం ఉండనే ఉంది. షెఫ్‌గా పైకెళ్ళేకొద్దీ సరుకుల ఖర్చు లెక్కలు వెంటపడతాయి. పది పాసైతే ఐటీఐలో ఏడాది ఫుడ్ ప్రొడక్షన్ కోర్సు ఉంది, మంచిదే. కానీ హైదరాబాద్ హలీం వండే పెద్ద డేగ్‌లో (గుండిగలో) కర్రతో ఘోటా కొట్టే, అంటే మెత్తగా మెదిపే భుజాన్నీ, ఆత్రేయపురం రేకు తీసే వేళ్ళనీ ఏ సిలబస్ తయారు చేస్తుంది? అవి పని దగ్గర కూర్చుని, వందల రేకులు చింపుకుని నేర్చుకోవాల్సినవి.

ఇంత పనితనానికి దక్కేదేమిటి? పొగ, సెగ, రేకుల లెక్కన కూలి. పెట్టె మీద పేరు మాత్రం దుకాణానిది. అంతకన్నా మండేది నకిలీల సంగతి: అప్పడమంత మందం రేకు, నెయ్యి పేరుతో డాల్డా, పైన బంగారు రంగు అట్టపెట్టె, దాని మీద ఆత్రేయపురం పేరు! 2023లో ఈ మిఠాయికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరును కాపాడే హక్కు చట్టం ఇచ్చింది, వాడుకోవాలి. ఐటీఐ వంటశాలల్లో ఒక కుండ బోర్లించి, ఈ ఆడవాళ్ళనే గురువులుగా, గురువుల జీతమిచ్చి కూర్చోబెట్టాలి.

కొనేవాళ్ళూ ఈసారి పెట్టె తెరవగానే ఒక పొర విడదీసి వెలుతురుకు పట్టి చూడండి. వెనక వేలు కనిపించకపోతే దుకాణంవాణ్ణి నిలదీయండి.