గడియారాన్ని వెనక్కి దూకించొద్దు

సర్వర్ల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు నేను మొదట చూపించేది గడియారమే. లోపల ఉండేది చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. పది లక్షల సెకన్లకు ఇరవై సెకన్ల చొప్పున తప్పినా రోజుకు 1.7 సెకన్ల తేడా వచ్చేస్తుంది. గది వేడి మారితే ఆ తప్పడం కూడా మారుతుంది.

సరైన టైమ్ నెట్‌వర్క్ మీద అడగొచ్చు. కానీ జవాబు మనకు చేరేసరికే పాతబడిపోతుంది. డెలావేర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన డేవిడ్ మిల్స్ నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ (ఎన్‌టీపీ)లో దీనికి కట్టిన లెక్క ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. ప్రశ్న బయల్దేరినప్పుడు మన టైమ్, అందినప్పుడు వాళ్ల టైమ్, జవాబు పంపినప్పుడు వాళ్ల టైమ్, అది చేరినప్పుడు మన టైమ్. ఈ నాలుగూ ఉంటే చాలు, రానుపోను ఎంత పట్టిందో, మనం ఎంత తప్పామో తేలిపోతుంది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే సమయం పట్టిందన్న నమ్మకం మీదే ఇదంతా నిలబడింది. అది నిజం కాని చోట, ఆ తేడాలో సగం మన గడియారంలోకి చేరుతుంది. అందుకే దగ్గరి సర్వర్లను పెట్టుకోమంటాను. అదీ కనీసం నాలుగు. ఒకటి తప్పు చెబితే మిగతావి పట్టిస్తాయి.

సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలతో మన దేశంలో ఇలా టైమ్ కలుపుకోవడం నియమం కూడా అయింది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) సర్వర్లతోనో, ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వర్లతోనో, వాటిని ఆధారం చేసుకున్నవాటితోనో టైమ్ కలుపుకోవాలి. మంచి నియమం. దొంగ ముందు ఏ సర్వర్లోకి చొరబడ్డాడో లాగ్‌లలోని టైమే కదా చెప్పాలి!

అయితే నేను పట్టుబట్టేది తేడా తెలిశాక చేసే పని గురించి. పాత ఎన్‌టీపీ డీమన్ మామూలుగా 128 మిల్లీసెకన్ల లోపు తేడాను నెమ్మదిగానే సర్దుతుంది, సెకనుకు అర మిల్లీసెకను మించి జరపదు. ఆ లెక్కన ఒక్క సెకను సర్దాలంటే అరగంట దాటుతుంది. కొత్తవాళ్లకు అంత ఓపిక ఉండదు, డేట్ కమాండ్ కొట్టేస్తారు. ముందుకెళ్లిన గడియారం ఒక్కసారిగా వెనక్కి దూకుతుంది. తర్వాత జరిగిన చెల్లింపు, ముందే జరిగినట్టు నమోదవుతుంది. నడుస్తున్న డేటాబేస్ కింద ఆ పని చేయడానికి నేను ఎవరినీ అనుమతించను. తప్పనిసరైతే సర్వీసులు ఆపి, టైమ్ సరిచేసి, మళ్లీ లేపాలి.

ఇప్పుడు ఎక్కువగా వాడే ఎన్‌టీపీ ప్రోగ్రామ్ క్రోనీలో ఈ దూకుడును అదుపు చేయడానికి సెట్టింగుల్లో ఒక్క వరుస చాలు. మేక్‌స్టెప్ పక్కన 1.0, దాని పక్కన 3 రాయండి. సర్వీసు లేచాక మొదటి మూడు సవరణల్లోనే, అదీ తేడా సెకను దాటితేనే దూకుతుంది. ఆ తర్వాత ఎంత తేడా వచ్చినా మెల్లగానే సర్దుకుంటుంది.