ఇంగ్లీషు స్పెల్లింగులు: తిట్టే ముందు ఒక మాట

ఇంగ్లీషు స్పెల్లింగుల మీద విసుక్కోని తెలుగువాడు ఉండడు. ‘బట్’, ‘పుట్’ ఒకే తీరున రాసి రెండు రకాలుగా పలకమంటే ఎవరికి మండదు? ‘నైఫ్’కి ముందు ఆ ‘కె’ ఎందుకని పిల్లలు అడిగితే “అదంతే” అని తప్పించుకుంటాం.

ప్రోగ్రాములు రాసి బతికే నాకు మాత్రం ఇందులో తెలివితక్కువతనం కన్నా పాత కోడు ఎక్కువ కనిపిస్తుంది. ఆ ‘కె’ ఒకప్పుడు పలికిందే. 1476లో కాక్స్టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక రాత మెల్లగా గట్టిపడింది. నోరు మారుతూనే పోయింది. ‘డెట్’లో ‘బి’ కథ వేరు. ఫ్రెంచి నుంచి ‘బి’ లేకుండా వచ్చిన మాటకి, లాటిన్ మూలం కనబడాలని పండితులు దాన్ని తగిలించారు. ‘ఐలండ్’లో ‘ఎస్’ మరీ అన్యాయం. ఏ చుట్టరికమూ లేని లాటిన్ ‘ఇన్సులా’ని చూసి అతికించారు!

దిద్దబోయినవాళ్ళు లేకపోలేదు. వెబ్‌స్టర్ ‘కలర్’లో ‘యు’ పీకేస్తే అమెరికా ఒప్పుకుంది. ‘టంగ్’ని పలికినట్టే రాద్దామంటే వినలేదు. 1906లో అధ్యక్షుడు థియొడొర్ రూజ్‌వెల్ట్ 300 మాటల స్పెల్లింగులు సులువు చెయ్యమంటే కాంగ్రెసు అడ్డుపడింది. వాడుకలో పడ్డ తప్పుని దిద్దడం కన్నా భరించడం చవక. మా వృత్తిలోనూ ఇదే వరస: ‘రిఫరర్’ అన్న మాట ఒక ‘ఆర్’ తక్కువై 1996 నాటి హెచ్‌టీటీపీ పత్రంలోకి ఎక్కింది, నేటికీ అలాగే ఉంది.

మనదీ అంత కచ్చితమైన లిపేం కాదు. చాపలో ‘చ’, చెంపలో ‘చ’ ఒకేలా పలుకుతామా? అరసున్న పోయాక, సంవత్సరం అనే ఏడూ, ఆరు తర్వాత వచ్చే ఏడూ రాతలో ఒకటైపోయాయి. అయినా చూసింది చదవగలుగుతున్నాం. ఆ సౌఖ్యాన్ని మనమే చెడగొట్టుకుంటున్నామన్నదే నా ఫిర్యాదు.

ఇంగ్లీషువాడు తన చరిత్రని తాను మోస్తున్నాడు. మనం ఇక్కడి పిల్లలకి పద్యాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చి, ఏ చరిత్రా లేని గందరగోళాన్ని కొని తెచ్చుకుంటున్నాం. అందులో కలకీ కళకీ తేడా లేదు, పాటకీ పాతకీ తేడా లేదు. ఆ రాత చూసి పిల్లవాడు తాతగారిని ‘టాటా’ అని పిలిస్తే, తప్పు వాడిదీ కాదు, ఇంగ్లీషుదీ కాదు. యాభై ఆరు అక్షరాలు నేర్పడానికి మనకి కుదరకపోవడానిది.