ఇరవై ఐదు రంధ్రాల ద్వారం

టీవీకి తగిలించి వీడియో గేములు ఆడుకునే యంత్రాన్ని కన్సోల్ అంటారు. ఆ కన్సోల్‌కూ ఆట ఉన్న కార్ట్రిడ్జ్‌కూ నడుమ కూర్చుని, ఆట నడుస్తూ ఉండగానే దాని లెక్కలను మార్చివేసేది చీట్ కార్ట్రిడ్జ్. తరగని ప్రాణాలు, అయిపోని తూటాలు సమకూర్చే వస్తువుగానే అది ఎక్కువమందికి తెలుసు. అయితే దానిని కంప్యూటర్‌కు కలపడం మొదలైనప్పటి నుంచి అది ఆటను గెలిపించే సాధనంగా మాత్రమే మిగలక, ఆటను చదివించే సాధనం కూడా అయింది. ఈ విద్యలో నిజంగా విలువైన భాగం ఆ చదువే.

ఈ కార్ట్రిడ్జ్‌లు పని చేసే తీరు రెండు విధాలు. బ్రిటన్‌కు చెందిన కోడ్‌మాస్టర్స్ రూపొందించగా అమెరికాలో గలూబ్ సంస్థ అమ్మిన గేమ్ జీనీ మొదటి విధానికి చెందినది: ఆట చిప్‌లోని ఒకానొక స్థానంలో ఉన్న విలువను కన్సోల్ అడిగినప్పుడు, అసలు విలువకు బదులు తన విలువను అందించి ఊరుకునేది తప్ప, ఆట కార్ట్రిడ్జ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చేది కాదు. కన్సోల్ తయారీ సంస్థ నింటెండోతో నడిచిన వ్యాజ్యంలో ఈ సంగతే కీలకమై, గేమ్ జీనీ మూల ఆట మీద ఆధారపడిన కొత్త రచన దేనినీ సృష్టించడం లేదని 1992లో అమెరికా అప్పీలు న్యాయస్థానం తేల్చింది. కొన్నవాడు తన ఇంట్లో, తన వస్తువుతో, తన ఇష్టప్రకారం ఆడుకునే హక్కును నిలబెట్టిన న్యాయమైన తీర్పు అది.

రెండో విధానానికి చెందినది ఇంగ్లండ్‌లోని డేటెల్ సంస్థ తయారుచేసిన యాక్షన్ రీప్లే. అమెరికాలో దానినే ఇంటరాక్ట్ సంస్థ గేమ్‌షార్క్ పేరుతో అమ్మింది. ఇది ఆట చిప్ జోలికి పోకుండా, ఆట నడిచేటప్పుడు తాత్కాలికంగా లెక్కలు రాసుకునే పలక వంటి ర్యామ్‌లోనే తన అంకెను వేస్తుంది. నింటెండో 64 కన్సోల్‌లో ఆడే సూపర్ మారియో 64 అమెరికా ప్రతికి ప్రసిద్ధమైన 8033బి21డి 0064 అనే కోడ్‌నే తీసుకుంటే, మొదటి 80 ఒక బైటు రాయమనే ఆజ్ఞ, 33బి21డి మారియో ప్రాణాల సంఖ్య ఉండే చోటు, చివరి 64 అక్కడ రాయవలసిన విలువ. పదహారు గుర్తులతో లెక్కించే హెక్సాడెసిమల్ పద్ధతిలో 64 అంటే మన లెక్కలో 100. కార్ట్రిడ్జ్ ఈ 100ను మళ్లీ మళ్లీ రాస్తూనే ఉంటుంది కనుక మారియో ఎన్నిసార్లు చచ్చినా ప్రాణాలు తరగవు.

అయితే ఆ 33బి21డి అనే చోటును మొదట కనుక్కున్నది ఎలా అన్నదే అసలు ప్రశ్న. నింటెండో 64 ర్యామ్ 4 మెగాబైట్లు, అంటే 41,94,304 గడులు. వాటన్నిటినీ ఒకసారి నకలు తీసుకుని, ఆటలో ఒక ప్రాణం పోగొట్టుకుని, విలువ తగ్గిన గడులను మాత్రమే ఉంచుకుని, ఏమీ పోగొట్టుకోకుండా కాసేపు ఆడి, మారని వాటిని మాత్రమే మిగుల్చుకుంటూ పోతే, జల్లెడ పట్టినట్టు లక్షలు వేలై, వేలు పదులై, చివరికి ఒకటి రెండు చోట్లు తేలుతాయి. ఈ పనిని టీవీ తెర మీద, చేతిలోని కంట్రోలర్ మీటలతో కూడా చేయవచ్చు గానీ, అది ఓపికను హరించే పని. గేమ్‌షార్క్‌లోనే ఒక రకమైన గేమ్‌షార్క్ ప్రో వెనుక అమర్చిన 25 రంధ్రాల పోర్ట్ ఆ గడులను కంప్యూటర్ తెర మీదికి తెచ్చి, ఆట ఆగకుండానే చూడడానికీ దిద్దడానికీ దారి ఇచ్చింది.

ఆ పోర్ట్ కొత్తది కాదు. మన కార్యాలయాల్లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను తగిలించిన ప్యారలల్ పోర్టే. కానీ ప్రింటర్ కేబుల్ ఇక్కడ పనికిరాదు, దాని రెండో కొస 36 స్పర్శబిందువులున్న వేరే ఆకారం గనుక. రెండు కొసలా 25 సూదులుండి, ఒక కొసలోని ప్రతి సూదీ రెండో కొసలో అదే సంఖ్య గల సూదికి కలిసే తిన్నని కేబుల్ కావాలి. పైగా ఈ పోర్ట్ పుట్టింది కంప్యూటర్ నుంచి బయటికి పంపడానికి; బయటికి పోయే డేటా తీగలు 8 ఉంటే, లోపలికి వచ్చే సంకేతాల తీగలు 5 మాత్రమే. అందువల్ల కన్సోల్ నుంచి వచ్చే ప్రతి బైటునూ రెండు సగాలుగా చీల్చి, ఒక్కో సగాన్ని 4 తీగల మీద పంపవలసి వచ్చింది. ఈ అరబైటునే నిబుల్ అంటారు. మొత్తం ర్యామ్ నకలు కావాలంటే 83,88,608 నిబుల్స్ ఆ సన్నని దారిన నడిచి రావాలి. పోర్ట్ తీగలను సూటిగా తాకనిచ్చిన విండోస్ 95, 98లలో ఇది సాఫీగా సాగింది. విండోస్ 2000, ఎక్స్‌పీలు మామూలు ప్రోగ్రాములను హార్డ్‌వేర్ జోలికి రానివ్వకపోవడంతో ప్రత్యేకమైన డ్రైవర్ అవసరమైంది. యూఎస్‌బీకి తగిలించే సాధారణ ప్రింటర్ అడాప్టర్ సైతం ప్రింటర్ భాష మాత్రమే మాట్లాడుతుంది గాని, ఒక్కో తీగను విడిగా ఎత్తి దించే వీలు ఇవ్వదు.

ప్లేస్టేషన్ అనే మరో కన్సోల్ కథ ఇంకా పెళుసు. దాని వెనుక ఉన్న విస్తరణ పోర్ట్‌కు యాక్షన్ రీప్లే తగిలేది, కంప్యూటర్ వైపు దాని లోపలి ఐఎస్ఏ స్లాటులో గుచ్చే డేటెల్ వారి కార్డు ఉండేది. కొంతకాలానికి కన్సోల్ నుంచి ఆ పోర్టూ, కంప్యూటర్ల నుంచి ఆ కార్డు పట్టే ఐఎస్ఏ స్లాటూ రెండూ మాయమయ్యాయి.

ఎమ్యులేటర్, అంటే పాత యంత్రాన్ని ప్రోగ్రాముగా అనుకరించేది, నేడు ఈ పనులన్నీ ఎంతో సులువుగా చేస్తుంది, నిజమే. అయినా అనుకరణ సరిగ్గా ఉందో లేదో తేల్చవలసింది అసలు యంత్రమే. అసలు యంత్రం నడుస్తుండగా దాని పలక మీది రాతను చదవడానికి మామూలు ఆటగాళ్లకు అందుబాటు ధరలో దొరికిన కొద్దిపాటి దారులలో గేమ్‌షార్క్ ప్రో వెనుక ఉన్న ఆ పోర్ట్ ఒకటి. కనుక వెనుక 25 రంధ్రాల పోర్ట్ ఉండి, విండోస్ 98 ఇంకా నడిచే కంప్యూటర్ ఎవరి ఇంటి అటక మీదనైనా ఉంటే, దానిని పాతసామాన్ల బండికి వేయకుండా, పాత యంత్రాలను బాగుచేసే వారి చేతికి అందజేయాలని మనవి.