‘ఆర్‌ఆర్‌ఆర్’లో మల్లి కేసు

‘ఆర్‌ఆర్‌ఆర్’ (2022) సినిమాలో పోలీసు అధికారి రామరాజు మారువేషం వేసి, ఢిల్లీలో దాక్కున్న కుమ్రం భీం కోసం వెతుకుతాడు. మన గూడెం పిల్ల మల్లిని ఎత్తుకుపోయిన తెల్లదొర మీద మాత్రం విచారణ లేదు. నేరాన్ని ముందే ఆపడమంటే పిల్ల కోసం వచ్చిన అన్నను పట్టుకోవడమా? ఈ ప్రశ్న దాకా వచ్చిన సినిమా స్నేహం వైపు మళ్లిపోయిందని మా విమర్శ.

చరిత్రలో భీం పోరాడింది నిజాం సర్కారుతో, భూమి కోసం. 1940లో జోడేఘాట్‌లో పోలీసులు ఆయనను కాల్చి చంపారు. ఆ తర్వాతే కారణాలు తెలుసుకోవడానికి హైమండార్ఫ్ వచ్చారు. గూడేల్లో ఉండి, మనవాళ్లను అడిగి, భూములు పోవడమే మూలమని తేల్చారు. పట్టాలు వచ్చాయి, మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. అసలైన నేర పరిశోధన అదే. కాల్పులకు ముందే జరగాల్సింది. బడిలో ఈ సినిమా మాటొస్తే మనం ఈ సంగతీ చెప్పాలి.