బరువు ఏ కాలి మీదుంది?

పోయిన నెల ఒక ఊరి కూడలిలో పెట్టబోయే విగ్రహానికి మట్టి నమూనా తయారుచేశాను. చూసి ఖాయం చేయడానికి ఆరుగురు పెద్దమనుషులు వచ్చారు. అరగంట సేపు ముఖం చూశారు. మీసం ఇంకాస్త దట్టంగా ఉండాలన్నారు, నుదురు కొంచెం తగ్గించమన్నారు. నడుము కిందికి ఎవరి చూపూ దిగలేదు. వాళ్లను తప్పుపట్టను. విగ్రహమంటే పోలికే అన్నది మనందరికీ అలవాటైపోయింది. కానీ ఆ మనిషిని నిలబెట్టడానికి పదిహేను రోజులు నేను పడ్డ కష్టమంతా కాళ్ల దగ్గరే ఉంది.

నాకు పని నేర్పిన గురువుగారు మట్టి ముట్టుకోనిచ్చే ముందు నన్ను నిలబెట్టేవారు. "బరువంతా ఎడమ కాలి మీద వెయ్యరా. ఇప్పుడు కుడి మోకాలు వదులైందా? తుంటి మీద చెయ్యి పెట్టి చూసుకో." చూసుకునేవాణ్ని. బరువు మోసే వైపు తుంటి పైకి లేస్తుంది, రెండోది జారుతుంది. దానికి సర్దుకోవడానికి భుజాలు ఎదురు వాలు తీసుకుంటాయి. గొంతు గుంట దగ్గర తూకం గుండు దారం పట్టుకుంటే, గుండు వచ్చి మోసే కాలి చీలమండ దగ్గర ఆగాలి. ఆగకపోతే బొమ్మ ఎంత అందంగా ఉన్నా చూసేవాడి మనసు కుదుటపడదు. ఎందుకో అతనికి తెలియదు. అతని ఒంటికి తెలుస్తుంది.

మనిషి మామూలుగా నిలబడే ఈ తీరు రాతిలోకి రావడానికి గ్రీకులకు చాలా కాలం పట్టింది. కూరోస్ అనే వాళ్ల పాత యువకుల విగ్రహాలు ఎడమ పాదం ముందుకు వేసే ఉంటాయి. అయినా బరువు రెండు కాళ్ల మీదా సమానమే, తుంటి గీత గీసినట్టు అడ్డంగా ఉంటుంది. క్రీ.పూ. 480 ప్రాంతంలో చెక్కిన 'క్రిటియోస్ బాలుడు' ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ మ్యూజియంలో ఉన్నాడు. పాదాలు లేవు, చేతులు చాలావరకు విరిగిపోయాయి, మిగిలింది నాలుగడుగులకు లోపే. బరువు ఎడమ కాలి మీదికి చేరింది, కుడి తుంటి రవ్వంత దిగింది, తల కొంచెం పక్కకు తిరిగింది. అంతే! ఆ రవ్వంతలో రాయి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది.

మన స్థపతులు దీనికి పేర్లే పెట్టుకున్నారు: సమభంగం, ఆభంగం, త్రిభంగం, అతిభంగం. పాలంపేట రామప్ప గుడికి వెళ్లినవాళ్లకు మదనికల గురించి చెప్పక్కర్లేదు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. ఎర్ర ఇసుకరాతి గోడల మీద, చూరు కింద, ఆ నల్లరాతి ఆడవాళ్లు వాలి నిలబడి ఉంటారు. ఆ నల్లరాయి డోలరైట్. దాని మొండితనం ఉలి పట్టినవాడికే తెలుసు. నగల నగిషీ, అద్దం లాంటి నునుపు గైడ్లు బాగానే చూపిస్తారు. ఈసారి వెళ్తే అవన్నీ అయ్యాక కాసేపు పక్కకు వచ్చి, ఒక మదనిక కాళ్లు ఎలా ఉన్నాయో మీ కాళ్లు అలా పెట్టి చూడండి. నడుము ఎక్కడ లాగుతోందో, మడమ ఎక్కడ ఆనుతోందో తెలిశాక తల ఎత్తి ఆమె ముఖం చూడండి.

ఇంకా ఓపికుంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియంకి వెళ్లండి. అమరావతి స్తూపం నుంచి వెళ్లిన పల్నాటి సున్నపురాతి పలకలు అక్కడున్నాయి. వాటిలో నలగిరి ఏనుగు పతకం నేను ఎన్నిసార్లు చూసినా కాళ్లు కదలనివ్వదు. ఒకే గుండ్రటి చట్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఎడమవైపు మదమెక్కి వీధిలో పడింది, మనుషులు చెల్లాచెదురవుతున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఎడమనున్న ఏనుగు బరువంతా ముందుకు తోసుకొస్తుంటే, భయపడ్డ ఒక స్త్రీ వెనక్కి ఒరిగిపోతోంది. కుడివైపుకు వచ్చేసరికి ఆ బరువంతా నేలకు దిగిపోయింది. శాంతం అనే మాటకు రాతిలో ఇంతకంటే మంచి అర్థం నేను చూడలేదు. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున ఎవరో పేరు తెలియని పనివాడు చెక్కాడు దాన్ని.

అక్కడి నుంచి మెరీనాకు ఎంతో దూరం లేదు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన 'ట్రయంఫ్ ఆఫ్ లేబర్' 1959లో అక్కడ నిలబడింది. నలుగురు మనుషులు ఒక బండను కదిలిస్తున్నారు. ఆ నలుగురి ముఖాలు గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. వాళ్ల పిక్కలు, వీపులు ఎవరూ మరిచిపోరు.

వీటన్నిటి తర్వాత కూడా నన్ను వదలనిది ఒకటుంది. మిలాన్‌లోని రొండనీని పియెతా. మైకెలాంజెలో 1564 ఫిబ్రవరిలో, 88 ఏళ్ల వయసులో పోయాడు. చావుకు కొద్దిరోజుల ముందు వరకూ ఈ రాయినే చెక్కుతున్నాడు. ఒకసారి చెక్కినదాన్ని కొట్టేసి, మిగిలిన రాయిలోంచే మళ్లీ మొదలుపెట్టాడు. పాత బొమ్మ తాలూకు చెయ్యి ఒకటి ఇప్పటికీ పక్కన విడిగా నిలిచే ఉంది. తల్లి మేరీ వెనక నిలబడి, చనిపోయిన కొడుకు క్రీస్తును జారిపోకుండా పట్టుకుంది. అలాగే అనుకుంటాం. కొంచెం పక్కకు జరిగి చూస్తే కొడుకే తల్లిని వీపు మీద మోస్తున్నట్టుంటుంది. నేను ఫొటోల్లోనే చూశాను. ముప్ఫై ఏళ్లుగా వాటిని తిప్పి తిప్పి చూస్తున్నాను. బరువు ఎవరు మోస్తున్నారో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.